చిత్ర పరిశీలనము: కప్పులేని దేవాలయము



చిత్రమును జూచుట వేఱు, చదువుట వేఱు. చూచుటకు క్షణము చాలును. చదువుటకు మనసు నిలువవలయును. ఈ మాసమున మేము మీతో గలసి చదువ దలచినది యొక పురాతన క్రైస్తవ దేవాలయపు నీటిరంగుల చిత్రము. వేల్సు దేశమున వై నదీతీరమందలి టింటర్న్ మఠముయొక్క శిథిలాలయమును ఆంగ్ల చిత్రకారుడగు టర్నరు 1794వ సంవత్సరమున లిఖించెను. 1775లో జన్మించిన యాతనికి అప్పటికి పందొమ్మిదేండ్లు. ఈ చిత్రము లండను నగరమున టేటు చిత్రశాలకు జెందినది.

చూడగనే కన్ను పైకి బోవును. ఆకాశమునంటు నెత్తైన కమాను; దాని యావల తూర్పు గోడయందు పెద్ద గవాక్షము. గవాక్షమునకు అద్దములు లేవు, ఆకాశమే కనబడుచున్నది. రాళ్లపై ఐవీ యను తీవ దట్టముగా ప్రాకినది. నీటిరంగులలో వెలుగునకై వేఱు రంగు పూయనక్కఱలేదు. రంగు పలుచనైనచోట క్రింది కాగితపు తెలుపే వెలుగగును. ముగ్గునందు గీతల నడుమ విడిచిన నేలయు ముగ్గులో భాగమే కదా!

మేమును మొదట ‘కాలమెంత బలీయము!’ అని నిట్టూర్చితిమి. ప్రక్కనున్న బాలిక యొకతె, “దీనికి కప్పేది?” అని యడిగినది. మాకు సమాధానము తోచలేదు. గోడలు, కమానులు నిలిచియుండగా కప్పు మాత్రమేల పోయెను?

ఈ మఠము 1131లో స్థాపితమైనది. చిత్రమందలి యాలయము పదుమూడవ శతాబ్దమున గట్టబడినది. 1536లో ఎనిమిదవ హెన్రీ రాజు మఠములను రద్దు చేయగా సన్న్యాసులు వెడలిపోయిరి. విలువగల వస్తువులు రాజభాండాగారమును జేరెను. కప్పుమీది సీసపు రేకులనుగూడ ఊడదీసిరి. పిమ్మట వాన తన పని తాను జేసికొన్నది. ఒక్క యేడు కప్పు నేయించకున్న ఇంటి గోడ యేమగునో గృహిణులకు మేము చెప్పనేల? అనగా ఈ శిథిలము కాలమొక్కటే చేసినది కాదు. మనుష్యులు మొదలిడగా కాలము ముగించినది. ఆ గాయమును పచ్చని తీవ కప్పినందున, పడవలపై విహారమునకు వచ్చిన టర్నరు కాలపు యాత్రికులకు అది సౌందర్యముగా దోచెను.

అట్లని చిత్రకారుడు బొంకినాడనరాదు. కప్పు లేనిచోట అతడు ఆకాశమునే చూపెను. చిత్రము తాను జూచినదానిని జెప్పును. హేతువును మనమే వెదకికొనవలయును. 1901లో ఆ స్థలము ప్రభుత్వపరమైన పిదప, గోడల రక్షణకై యా తీవను దొలగించిరి. నేడచటికి బోయినవారికి ఆనాటి పచ్చదనము కానరాదు. దానికి ఇట్టి చిత్రములే సాక్ష్యము.

కావున బిడ్డలకు చిత్రము జూపునపుడు ‘ఇందేమున్నది?’ అని మాత్రమే యడిగి యూరకుండకుడు. ‘ఇందేమి లేదు? ఏల లేదు?’ అనియు నడుగుడు. వారే ముందుగా నడిగిన, విసుగుకొనక వారితో గూర్చుండి మఱల జూడుడు. మేము ఆ చిత్రమును నిజముగా జూచినది ఆ బాలిక ప్రశ్న విన్న పిదపనే.