బండి మొరాయిస్తే బెంబేలు పడకండి!

పొద్దున్నే టిఫిన్లు, క్యారేజీలు, పిల్లల జడలు అన్నీ అయ్యేసరికి ఎనిమిదింపావు. స్కూలు గంటేమో ఎనిమిదిన్నరకి. పిల్లాడు వెనక ఎక్కి బ్యాగు సర్దుకున్నాడు. మీరు స్కూటరు బటన్ నొక్కారు. కుర్... కుర్... కుర్... అంతే! మళ్ళీ నొక్కారు, మళ్ళీ అంతే. లోపల్నుంచి శ్రీవారి గొంతు: "నీ చేతిలో పడితే ఏదైనా అంతేలే!" ఇది మా ఇంటి కథో, మీ ఇంటి కథో కాదు. బండి ఉన్న ప్రతి ఇంటి కథానూ!

అంచేత ఈ వారం వంటింటి సంగతులు కాస్త పక్కన పెట్టి, వాకిట్లో బండి గురించి చెప్పుకుందాం.

ముందు మా పక్కింటి కోడలి సంగతి వినండి. ఇద్దరు పిల్లలు పుట్టాక, ముప్ఫై రెండో ఏట స్కూటరు నేర్చుకుందా అమ్మాయి. రెండుసార్లు పడింది, మోచెయ్యి చెక్కుకుపోయింది, అయినా వదల్లేదు. పిల్లల్ని స్కూల్లో దింపడం, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, తను కుట్టిన జాకెట్లు నాలుగు కాలనీల్లో ఇచ్చి రావడం అన్నీ ఆ బండి మీదే. నెల తిరిగేసరికి నాలుగు డబ్బులు కళ్ళజూస్తోందంటే దాని పుణ్యమే.

ఒక సాయంత్రం రైల్వే గేటు దాటీ దాటగానే బండి ఆగిపోయింది. వెనక లారీలు, హారన్లు. ఎవరో మహానుభావుడు "ఆడవాళ్ళకెందుకమ్మా బళ్ళు?" అని ఓ మాట విసిరి పోయాడు. పక్కకి తోసుకుని, పది నిమిషాలాగి నొక్కితే శుభ్రంగా స్టార్టయింది. మర్నాడు మళ్ళీ నాలుగు కిలోమీటర్లు పోగానే అదే తంతు. మెకానిక్కు ప్లగ్గు మార్చాడు. తర్వాత ఇంకేదో మార్చాడు. పదిహేను వందలు వదిలాయి గానీ బండి తీరు మారలేదు. దాంతో ఆ పిల్లకి భయం పట్టుకుంది. బండి మీద పాత దుప్పటి కప్పేసింది. పిల్లలు కిక్కిరిసిన ఆటోలో వెళ్తున్నారు, జాకెట్లు వేరే టైలరుకి పోయాయి. "ఇంట్లో అమ్మేద్దాం అంటున్నారు పిన్నిగారూ" అని చెబుతుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ బండికొచ్చిన జబ్బేమిటో చివర్న చెబుతాను. ఈలోగా మీరూ ఊహించండి.

పొయ్యి వెలగాలంటే ఏం కావాలి?

గ్యాసు రావాలి, గాలి కలవాలి, లైటరు నిప్పురవ్వ వెయ్యాలి. మూడింట్లో ఏది లేకపోయినా పొయ్యి వెలగదు. స్కూటరూ అంతేనండీ! పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. ట్యాంకు మన సిలిండరు, ఎయిర్ ఫిల్టరు గాలి వచ్చే కిటికీకి కట్టిన జల్లెడ, ప్లగ్గు మన లైటరు. వీటిని కదిలించి ఇంజన్ని తిప్పడానికి సెల్ఫ్ మోటారుకి బ్యాటరీ బలం కావాలి. ఈ నాలుగూ గుర్తుంటే సగం మెకానిజం వచ్చేసినట్టే.

బటన్ నొక్కితే చప్పుడే లేదా?

కంగారు పడకుండా ముందు చిన్న చిన్నవి చూసుకోండి. గేర్లు లేని స్కూటర్లకి బ్రేకు పట్టుకుంటేనే సెల్ఫ్ పనిచేస్తుంది. కొత్త బళ్ళలో చాలావాటికి సైడు స్టాండు దించి ఉంటే ఇంజను స్టార్టవదు. కొన్నింటికి ఇంజను ఆపే ఎర్ర బటన్ వేరే ఉంటుంది, పిల్లలు ఆడుకుంటూ నొక్కేస్తారు. ఈ మూడూ చూశాక హారన్ కొట్టండి. గట్టిగా మోగితే బ్యాటరీ బాగున్నట్టే. నీరసంగా మూలిగితే, లేదా బటన్ నొక్కినప్పుడు టిక్ టిక్ మని మాత్రమే వినిపిస్తే బ్యాటరీ దిగిపోయిందన్నమాట. హారనూ లేదు, లైటూ లేదంటే ఫ్యూజు పోయి ఉండొచ్చు, బ్యాటరీ వైరు వదులై ఉండొచ్చు. ఫ్యూజు మార్చేటప్పుడు అదే నంబరుది వేయించండి. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టించడం మాత్రం ససేమిరా వద్దు, వైర్లు కాలతాయి.

బ్యాటరీ నీరసిస్తే మెయిన్ స్టాండు వేసి, తాళం తిప్పి, కిక్కు కొట్టండి. కార్బొరేటర్ ఉన్న పాత బళ్ళు చాలామటుకు లేస్తాయి. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.6 ప్రమాణాలు వచ్చాక చాలా స్కూటర్లలో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజక్షన్ వచ్చింది. వీటిలో పెట్రోలు పంపుకే కరెంటు కావాలి కనక, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కిక్కు కొట్టినా కష్టమే. కొన్నింటికి అసలు కిక్కే ఉండదు.

ఇంకో మాట. మా నాన్నగారి కాలంలో గేరు స్కూటరు స్టార్టవకపోతే పక్కకు ఒరిగించేవారు, రెండో గేరులో వేసి తోయించేవారు. ఇప్పటి గేర్లులేని బళ్ళని ఎంత తోసినా లాభం లేదు. ఇంజను తిరిగితేనే దాని క్లచ్చి చక్రాన్ని పట్టుకుంటుంది గానీ, చక్రం తిరిగితే ఇంజను తిరగదు. ఊరికే ఆయాసపడకండి.

ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదా?

నవ్వకండి గానీ, ముందు పెట్రోలు ఉందో లేదో చూడండి. ముల్లు చెప్పేది ఎప్పుడూ నిజం కాదు. ఇంజక్షన్ బండైతే తాళం తిప్పగానే బటన్ నొక్కెయ్యకండి. రెండు మూడు సెకన్లు ఆగితే పంపు 'జుయ్' మంటుంది, కొన్ని బళ్ళలో ఇంజను బొమ్మ ఉన్న దీపం కూడా ఆరుతుంది. అప్పుడు నొక్కండి. స్టార్టయ్యాక కూడా ఆ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటే సర్వీసు వాళ్ళకి చూపించాల్సిందే.

పాత కార్బొరేటర్ బండైతే చలి పొద్దుల్లో చోక్ లాగి, యాక్సిలేటర్ ముట్టుకోకుండా స్టార్టు చెయ్యండి. ఇంజను వేడెక్కాక చోక్ వెనక్కి నెట్టడం మర్చిపోకండి. మర్చిపోతే పెట్రోలూ దండగ, ప్లగ్గూ మసి.

సెల్ఫ్ ఒకసారికి అయిదు సెకన్లకి మించి నొక్కకూడదు. పది సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. కసితో నొక్కుతూ పోతే బ్యాటరీ కూడా చేతికొస్తుంది.

గుప్పున పెట్రోలు వాసన వస్తోందా? పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోయింది. మనం పొయ్యి నాబ్ తిప్పేసి లైటరు వెతుక్కుంటే గ్యాసంతా కమ్ముకోదూ, అలాగన్నమాట. అయిదు, పది నిమిషాలు వదిలెయ్యండి. తర్వాత మెయిన్ స్టాండు మీద, బ్రేకు పట్టుకుని, చోక్ మూసి, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి అయిదు సెకన్లు నొక్కండి. అంటుకోగానే యాక్సిలేటర్ వదిలెయ్యండి. ఆ సమయంలో పిల్లల్ని వెనక చక్రం దగ్గరికి రానివ్వకండి. వాసన ఉన్నంతసేపూ దగ్గర్లో నిప్పన్నది ఉండకూడదు.

అయినా లేవకపోతే ప్లగ్గు సంగతి చూడాలి. దాని టోపీ వదులై ఊడిపోవడం మామూలే, ఇంజను ఆపి, గట్టిగా అదిమితే సరి. ప్లగ్గు విప్పించినప్పుడు మీరూ ఒక కన్నేసి చూడండి. మొన లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. నూనె జిడ్డుంటే ఇంజను లోపల అరుగుదల. కొత్త ప్లగ్గు ఖరీదు పెద్దదేం కాదు, కాబట్టి మసి పట్టినదాన్ని ఏళ్ళ తరబడి గీకించుకోనక్కర్లేదు. నిప్పురవ్వ వస్తోందో లేదో చేత్తో పట్టుకుని చూడటం మాత్రం ప్రమాదం. అక్కడ వేల వోల్టులుంటాయి!

స్టార్టయి ఆగిపోతోందా?

యాక్సిలేటర్ వదలగానే, సిగ్నల్ దగ్గర నిలబడగానే చచ్చిపోతోందంటే ఐడిలింగ్ మరీ తగ్గించి ఉండొచ్చు. లేదా ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు. చాలా స్కూటర్లలో కాగితం ఫిల్టరు ఉంటుంది, దాన్ని కడగకూడదు, మార్చాలి. స్పాంజి ఫిల్టరైతే శుభ్రం చేసుకోవచ్చు. మీది ఏ రకమో, ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

కార్బొరేటర్ బళ్ళలో ఇంకోటి కూడా ఉంది. పాత కిరోసిన్ స్టవ్ జ్ఞాపకముందా? మంట సన్నబడితే పిన్ను పెట్టి పొడిచేవాళ్ళం. కార్బొరేటర్లో జెట్టు కూడా అచ్చం అలాంటి సన్న రంధ్రమే. బండి నెలల తరబడి కదలకపోతే పెట్రోలు జిగురు పట్టి అది పూడుకుపోతుంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, దానికి తడిని పీల్చుకునే గుణం ఉంది. కనక వాడని బండిలో పాత పెట్రోలు నిలవ ఉంచకండి. వారానికొకసారైనా ఓ పావుగంట తిప్పి తీసుకురండి. బ్యాటరీకీ అదే మందు.

వానలో ఆగిపోతే...

తడి ప్లగ్గు టోపీలోకి దిగి ఉంటుంది. ఇంజను ఆపి, పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఆరనివ్వండి. కానీ బండి నీళ్ళలో మునిగితే మాత్రం సెల్ఫ్ గానీ కిక్కు గానీ ముట్టుకోకండి! 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్ని బళ్ళు నీళ్ళపాలయ్యాయో మనందరికీ తెలుసు. ఇంజన్లోకి నీళ్ళు పోయాక స్టార్టు చేస్తే లోపలి రాడ్లు వంగిపోతాయి. అలాగే తోయించి మెకానిక్కుకి అప్పగించండి. ఆయిలు కూడా మార్పించాలి.

ఇహ పక్కింటి బండి సంగతి

ఓ ఆదివారం ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, డాక్టరు అడిగినట్టు అన్నీ అడిగాను. ఎన్ని కిలోమీటర్లకి ఆగుతోంది? మూడు, నాలుగు. ఎంతసేపాగితే లేస్తోంది? పది నిమిషాలు. ఎప్పుడైనా వెంటనే లేచిందా? కాస్త ఆలోచించి, "ఒక్కసారి పిన్నిగారూ, బంకు ఎదురుగా ఆగింది. పెట్రోలు పోయించుకుంటే వెంటనే లేచింది. మూత తియ్యగానే బుస్సుమని చప్పుడొచ్చింది" అంది.

అదీ సంగతి! నూనె డబ్బాకి ఒకవైపే చిల్లు పెడితే ఏమవుతుంది? కాస్త కారి ఆగిపోతుంది. రెండో చిల్లు పెడితేనే ధార వస్తుంది. ట్యాంకు మూతకీ గాలి పోవడానికి అలాంటి సన్న దారి ఉంటుంది. అది మట్టితో పూడుకుపోయింది. పెట్రోలు తగ్గినకొద్దీ లోపలికి గాలి చేరక, పెట్రోలు కిందికి దిగడం మానేసింది. పది నిమిషాలాగితే ఎలాగో కాస్త గాలి చేరి మళ్ళీ నడిచేది.

మూడు వారాలు మూలన పడేసరికి బ్యాటరీ కూడా నీరసించింది. కిక్కు కొట్టి తీసుకెళ్ళి మెకానిక్కుకి ఇదే మాట చెప్పింది. మూత శుభ్రం చెయ్యడానికి అతనికి అయిదు నిమిషాలు పట్టింది. "ముందే చెప్పుంటే బాగుండేది కదమ్మా" అన్నాడట. ముందు ఎవరడిగారు పాపం! ఆమె నోరు తెరిస్తే "మీకేం తెలుస్తుందిలెండి" అన్నారు గానీ.

కాబట్టి చెల్లెళ్ళూ, స్పానరు పట్టుకోవడం రాకపోయినా ఫర్వాలేదు. బండి ఎప్పుడు ఆగింది, వేడి మీదా చల్లగా ఉన్నప్పుడా, వానలోనా, ఏం చప్పుడు, ఏం వాసన, ఇవి పాల లెక్క రాసినట్టు ఓ కాగితం మీద రాసిపెట్టుకోండి. మెకానిక్కుకి అది చదివి వినిపించండి. మార్చిన పాత సామాను అడిగి చూడండి. దారిలో ఆగిపోతే రోడ్డు మధ్య కుస్తీ పట్టకుండా ఎడమ పక్కకి తోసుకుని, చీకటైతే దీపాలున్న దుకాణం ముందు నిలబడి, ఇంటికి ఫోన్ చెయ్యండి.

మొన్న గురువారం గేటు దగ్గర హెల్మెట్ పెట్టుకుంటూ కనిపించిందా అమ్మాయి. వెనక ఇద్దరు పిల్లలు, ముందు కొక్కేనికి జాకెట్ల సంచీ. "పిన్నిగారూ, రైల్వే గేటు మీదుగానే వెళ్తున్నా!" అంది. అంతకన్నా ఏం కావాలి చెప్పండి!