కిరాయి కారు – చిన్న అక్షరాలు

సావనీరుకు పాత విద్యార్థిగా ఏదైనా రాసి ఇవ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, "విదేశానికి పోయి ఎయిర్‌పోర్టులో కారు కిరాయికి తీసుకోవడం గురించి రాస్తాను" అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆర్మూరు పసుపు వాసన ఇంకా ఒంటిమీద పోనివాడికి ఈ దొరబాబు కబుర్లేమిటని కాబోలు!

కాని మిత్రులారా, ఎయిర్‌పోర్టుకు బండి మాట్లాడే విద్యలో ఆర్మూరు వాళ్లను మించినవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. గల్ఫుకు పోయేవాళ్లు, వచ్చేవాళ్లు లేని వాడ మా దగ్గర తక్కువ. 2008 మార్చి దాకా బేగంపేటకు, ఆ తరువాత శంషాబాదుకు, రాత్రిపూట బయలుదేరే జీపులూ సుమోలూ ఎన్నో. రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దారి. డీజిలు ఎవరిది, ఇందల్వాయి, భిక్కనూరు టోలు ఎవరిది, విమానం లేటయితే వెయిటింగు ఎంత, డ్రైవరు భోజనం ఎవరిది? ఇవన్నీ బండి కదలకముందే తేలాలి. మా అమ్మకు అక్షరం రాదు. అయినా ఆమెతో మాట్లాడుకున్న కిరాయి మీద ఒక్క రూపాయి ఎక్కువ అడిగిన డ్రైవరును నేను చూడలేదు.

ఆ అమ్మ కొడుకును, ఎమ్మే చదివినవాణ్ని, 2019లో దుబాయి పోయాను. తమ్ముడు అక్కడ కంపెనీ బస్సు డ్రైవరు. వాడికి డ్యూటీ ఉంది, రాలేనన్నాడు. నేను డాబుకొద్దీ, కారు తీసుకుని నేనే వస్తానన్నాను. నిజామాబాదు రవాణా ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకునే పోయాను. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే చిన్న పుస్తకం అది, ఏడాది చెల్లుతుంది. పర్యాటకుడిగా పోయినవాడికే అది పనికొస్తుంది. అక్కడ నివాస వీసా మీద ఉండే మనవాడు వాళ్ల లైసెన్సే సంపాదించుకోవాలి. మా తమ్ముడు ఆ పరీక్షలో రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యాడు.

కౌంటరులో పాస్‌పోర్టు, లైసెన్సు, పర్మిటు, నా పేరుమీదనే ఉన్న క్రెడిట్ కార్డు అడిగారు. డిపాజిట్ కింద కార్డులో కొంత సొమ్ము బిగించేశారు. "ఫుల్ ఇన్సూరెన్స్ సార్" అన్నాడు కుర్రాడు. నాలుగు పేజీల కాగితం, చీమ తలకాయంత అక్షరాలు. వెనక క్యూ ఉంది. పెన్ను అందుకుని నాలుగుచోట్ల గీకేశాను.

రాత్రి తమ్ముడు లేబర్ క్యాంపు బయటికి వచ్చాడు. నన్ను పలకరించకముందే సెల్‌ఫోన్ లైటు వేసి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వెనక బంపరు కాడ ఆగాడు.

"అన్నా, ఈ గీత కాగితంల రాయించినవా?"

"లేదు."

"ఫోటో తీసినవా?"

"లేదురా."

"మరేం సదివినవే?"

ఆ రాత్రి వాడు ఆ కాగితం నాకు చదివి వినిపించాడు. పదో తరగతి చదివినవాడు! కారు ఇచ్చేనాడు కాగితంలో రాయించని గీత కిరాయిదారుదే. 'ఫుల్' అన్న ఇన్సూరెన్సులో టైర్లు లేవు, అద్దం లేదు, బండి కింది భాగం లేదు. పోలీసు రిపోర్టు లేకపోతే అసలు ఏదీ లేదు. అక్కడ చిన్న గీత బాగు చేయడానికి కూడా మెకానిక్కు పోలీసు కాగితం అడుగుతాడట. సాలిక్ గేటు కింది నుండి పోయినప్పుడల్లా పడే టోలు, స్పీడు కెమెరా వేసే జరిమానా మనం ఇంటికొచ్చాక కార్డులో కోతలై కనిపిస్తాయి. నెల తిరక్కముందే నాకు కనిపించాయి, బంపరు గీతతో సహా.

ఆ కంపెనీ మీద నాకిప్పుడు కోపం లేదు. కాగితంలో ఉన్నదే చేశారు. అసలు సంగతి వేరే.

2007లో తమ్ముణ్ని సాగనంపడానికి బేగంపేటకు జీపులో తొమ్మిదిమందిమి పోయాం. వాడి చేతిలో ఒక కాగితం ఉంది, సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. డ్రైవరు ఉద్యోగమని ఏజెంటు నోటిమాట. కాగితంలో ఉన్నది హమాలీ పని, జీతం చెప్పినదాంట్లో సగం. ఆ జీపులో ఇంగ్లీషు చదవగలవాణ్ని నేనొక్కణ్నే. నేను అమ్మ కట్టిచ్చిన తొక్కు సీసా కారకుండా పట్టుకుని కూర్చున్నాను. ఆ అప్పు కింద అరెకరం పసుపు చేను పోయింది. వాడు ఈనాటికీ నన్నొక్క మాట అనలేదు. కారు చుట్టూ తిరిగిన రాత్రి కూడా అనలేదు.

మన చట్టం ఒకటి గమనించండి. పది పాస్ కానివాడు గల్ఫుకు కూలికి పోవాలంటే వలస అనుమతి కావాలి, అంటే సర్కారు వాడి కాంట్రాక్టును ఒకసారి చూస్తుంది. పది పాసైతే ఆ అనుమతి అక్కరలేదు. చదువుకున్నాడు కదా, తన కాగితం తానే చూసుకుంటాడని దాని భావం. అంటే ఈ సావనీరు చదువుతున్న మనందరి కాగితాన్నీ చూసేవాడు మనం తప్ప ఎవడూ లేడు. మనం చూస్తున్నామా? అమెరికాకు ఎమ్మెస్‌కు పోయే పిల్లలైనా, ఇరవై అయిదేళ్లు నిండనివాడికి అక్కడ కారు కిరాయి మీద అదనపు వడ్డింపు ఉంటుందని దిగాకనే తెలుసుకుంటున్నారు.

మన కాలేజీలో షేక్‌స్పియర్ చెప్తారు, చెప్పాలి కూడా. ఒక కిరాయి ఒప్పందం, ఒక ఉద్యోగ కాంట్రాక్టు, ఒక బీమా పత్రం ముందేసుకుని వాక్యం వాక్యం చదివించే గంట మాత్రం ఏ టైంటేబుల్లోనూ లేదు. లెక్చరర్లు కోప్పడకూడదు, నేనూ ఇక్కడి సరుకునే. వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రా పిలిచే యూనియన్ నెలకొక ఆదివారం ఆర్మూరు బస్టాండు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటే, వీసా కాగితంతో వచ్చినవాడికి అందులో ఏముందో తెలుగులో చెప్పి పంపవచ్చు. ఖర్చు రెండు కుర్చీలు. అరబ్బీ వచ్చిన మిత్రుడొకడు దొరికితే మరీ మంచిది.

మొన్న తమ్ముడు సెలవు మీద వస్తుంటే శంషాబాదుకు బండి మాట్లాడాను. డీజిలు, టోలు, వెయిటింగు, అన్నీ అడ్తి దుకాణంలో ఇచ్చిన పాత తక్‌పట్టీ వెనక రాసి డ్రైవరు చేతిలో పెట్టాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "సారుకు నమ్మకం తక్కువ" అని నవ్వాడు. తరువాత కళ్లద్దాలు తీసి, మొత్తం చదివి, "వెయిటింగు రెండు గంటలు కాదు, గంటన్నరే అనుకున్నం" అని దిద్ది సంతకం పెట్టాడు.