అట్టడుగు జట్టు ఆఖరి ఆట

పాయింట్ల పట్టికను మనమందరమూ పైనుండి క్రిందికే చదువుతాము. మొదటి నాలుగు పేర్లు చూచి పుట తిప్పివేస్తాము. అడుగున ఉన్నవారి గోడు ఎవరికీ పట్టదు. వారు సంవత్సరాంతంలో కొంత కోలుకున్నారని ఎవరైనా చెబితే, ఇల్లు కాలుతుంటే నుయ్యి త్రవ్వినట్టున్నదని నవ్వి ఊరుకుంటాము. ఆ నవ్వు సరియైనది కాదని నా అభిప్రాయం. అందుకు దృష్టాంతంగా మన హైదరాబాదు ఫుట్‌బాల్ జట్టు కథ చెప్పదలచుకున్నాను. (పాదకందుక క్రీడ అని వ్రాద్దామనుకున్నాను గాని, తెలుగు పండితుడనైన నాకే నవ్వు వచ్చింది. మిత్రులు మన్నింతురు గాక, ఫుట్‌బాలనే వ్రాస్తాను.)

2019లో పుణె జట్టు తప్పుకొనగా, దాని స్థానంలో హైదరాబాదు ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగులో అడుగుపెట్టింది. అక్టోబరు 25న కలకత్తాలో ఆడిన తొలి ఆటలోనే 0-5తో పరాజయం. నవంబరు 2న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో ఒక గెలుపు. అటుపిమ్మట పదునాలుగు ఆటలలో గెలుపన్నది లేదు. నాలుగు సమమయ్యాయి, పది పోయాయి. జనవరిలో శిక్షకుడు ఫిల్ బ్రౌనును తొలగించారు. పది జట్లలో పదవస్థానం ఖాయమైపోయింది. చూడవచ్చేవారు కూడ పలుచబడ్డారు.

అటువంటి జట్టు 2020 ఫిబ్రవరి 20న గువాహతిలో తన ఆఖరి ఆట ఆడి, నార్త్ ఈస్ట్ యునైటెడ్ జట్టును 5-1తో ఓడించింది. లిస్టన్ కొలాసో, మహమ్మద్ యాసిర్ చెరి రెండు గోళ్లు చేశారు. ఇద్దరికీ అప్పటికి ఇరవయ్యొక్క ఏళ్లే. కొలాసో ఆ జనవరిలోనే జట్టులోకి వచ్చినవాడు. మొత్తం లెక్క: పద్దెనిమిది ఆటలు, రెండు గెలుపులు, పది పాయింట్లు, అట్టడుగు.

ఈ గెలుపుకు విలువ కట్టడం ఎట్లా? పోయేదేమీ లేనివాడు నిర్భయంగా ఆడతాడు, ఎదుటి జట్టు కూడ అడుగుననే ఉన్నది, కనుక దానిని లెక్కలోనికి తీసుకోనక్కరలేదని కొందరంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ముప్పది ఏళ్లకు పైబడి మార్కుల రిజిస్టరు వ్రాసినవానిగా నాకు వేరొక లెక్క తెలుసు. ఒక పిల్లవానికి త్రైమాసిక పరీక్షలో పద్దెనిమిది, అర్ధసంవత్సర పరీక్షలో ఇరవై రెండు, వార్షిక పరీక్షలో నలభై ఒకటి వచ్చాయనుకుందాం. సగటు తీస్తే ఇరవై ఏడు, అంటే మొద్దబ్బాయి. కాని ఉపాధ్యాయుడన్నవాడు సగటు చూడడు. ఆ నలభై ఒకటి ఎట్లా వచ్చిందో చూస్తాడు. తెలిసిన ప్రశ్న తగిలి వచ్చిందా, లేక సంధి విడదీయడం వానికి నిజంగా పట్టుబడిందా? జవాబు పత్రం తిరగవేస్తే అది ఇట్టే తెలిసిపోతుంది. గువాహతి ఆటనూ అట్లాగే తిరగవేసి చూడాలి. ఐదు గోళ్లలో నాలుగు చేసినవారు ఏడాది గడవగానే విమానమెక్కి పోయే విదేశీయులు కారు, ఇంకా ఎదగవలసిన మన దేశపు పిల్లలు. ఆ జవాబు పత్రంలో నాకు కనిపించింది అదృష్టం కాదు, అభ్యాసం.

తరువాత జరిగినది మీకు తెలిసినదే. ఆల్బర్ట్ రోకా జట్టు పగ్గాలు పట్టి, 2020లోనే బార్సిలోనా పిలుపునందుకుని వెళ్లిపోయాడు. ఆ ఆగస్టు చివర మనోలో మార్కెజ్ వచ్చాడు. వచ్చినవాడు ఉన్న పిల్లలను తోసివేసి పేరున్నవారిని తెచ్చుకోవాలని తొందరపడలేదు. 2020-21లో ఇరవై ఆటలలో ఓడినవి మూడే, వచ్చిన పాయింట్లు ఇరవై తొమ్మిది, స్థానం ఐదు. ఆఖరి ఆటలో గోవాతో గోలు లేక సమం కావడంతో నాకౌట్ దశ అందలేదు. ఆ మరుసటి ఏడు, 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద తుదిపోరు. 88వ నిమిషం దాకా వెనుకబడి ఉండి, సాహిల్ తవోరా గోలుతో సమం చేసి, పెనాల్టీలలో 3-1తో కప్పు గెలుచుకున్నది. పెనాల్టీలలో మూడింటిని ఆపిన గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి తొలి ఏటి అట్టడుగు జట్టులోని మనిషే. మహమ్మారి కారణంగా ఆ రెండేళ్లూ ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. కప్పు తెచ్చిన జట్టును హైదరాబాదు ప్రేక్షకుడు తన మైదానంలో చూడలేకపోవడం ఒక విచిత్రం.

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే కథ సుఖాంతం. కాని నన్ను ఈ వ్రాతకు పురికొల్పినది రెండవ సగం.

2023-24లో అదే జట్టు మళ్లీ అట్టడుగుకు చేరింది. జీతాల బకాయిలు పేరుకుపోయాయి. క్రొత్తవారిని చేర్చుకోరాదని ఫిఫా ఆంక్ష విధించింది. విదేశీయులు దాదాపు అందరూ వెళ్లిపోయారు, పేరున్న భారతీయులలోనూ పలువురు సగం సీజనులోనే తరలిపోయారు. మిగిలినవారిని, పసివారిని కూర్చుకుని తాంగ్‌బోయ్ సింగ్టో నెట్టుకొచ్చాడు. ఆ జట్టు కూడ సంవత్సరాంతంలో, 2024 మార్చిలో, చెన్నైలో చెన్నైయిన్ జట్టును 1-0తో గెలిచింది. ఆ సీజను మొత్తానికి అదొక్కటే విజయం. పరీక్ష వ్రాసిన పిల్లల పట్టుదలకు పేరు పెట్టనక్కరలేదు. జీతం అందని జట్టులో, గెలుపెరుగని ఏట, పరాయి ఊళ్లో గెలవడం గువాహతి గెలుపుకన్న కష్టమైనదని కూడ అంటాను.

అయినా గువాహతి విత్తనమైంది, చెన్నై కాలేదు. భేదం ఆటలో లేదు. ఆటగాళ్లు ఇంటికి పోయిన తరువాత వచ్చే నాలుగు నెలలలో ఉన్నది. నలభై ఒకటి తెచ్చుకున్న పిల్లవాడు జూన్‌లో బడి తెరిచేనాటికి కూలిపనికి కుదిరిపోతే ఆ మార్కులు ఎవరికి? మా వేంసూరు, సత్తుపల్లి ప్రాంతాలలో పామాయిలు తోటలు విరివిగా ఉన్నాయి. మొక్క నాటిన తరువాత మూడు నాలుగేళ్ల దాకా గెల దిగదు. అన్నాళ్లూ నీరు, ఎరువు ఇవ్వవలసినదే. అంతకన్న చిత్రమేమంటే, కాపుకు వచ్చిన చెట్టుకు ఒక వేసవిలో నీరు తప్పిస్తే నష్టం ఆ ఏడు పూర్తిగా కనబడదు. ఆడపూత తగ్గి, మగపూత పెరిగి, మరుసటి ఏడో ఆపై ఏడో గెలలు పలుచబడతాయి. అప్పుడు ఆ ఏటి కూలివానిని తిట్టి ప్రయోజనమేమి? ఓడిన ఆటకు శిక్షకుని తొలగించడమే దిద్దుబాటనుకొనే యాజమాన్యాలను చూచినప్పుడల్లా నాకు ఈ తోటలే గుర్తుకు వస్తాయి.

ఇది హైదరాబాదుకు క్రొత్త పాఠమూ కాదు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. చివరి ఆటలో అదే కొరియాను 2-1తో గెలిచి స్వర్ణం తెచ్చింది. ఒక మాష్టారు పది రోజులలో అంతటి మార్పు తేగలిగాడంటే దాని వెనుక పన్నెండేళ్ల పెంపకమున్నది. 1963 జూన్‌లో కేన్సరు ఆయనను తీసుకుపోయింది. ఆ పెంపకాన్ని అందుకున్నవారు లేరు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మళ్లీ స్వర్ణం రాలేదు.

కనుక, క్రొత్తగా కట్టుకుంటున్న జట్టు ఏదైనా సంవత్సరాంతంలో రెండాటలు గెలిస్తే నేను ఆ గోళ్లను చూచి సంతోషిస్తాను గాని, వెంటనే రెండు ప్రశ్నలు వేస్తాను. గోళ్లు చేసినవారు ఎవరు? వారిలో ఎందరు వచ్చే ఏడు ఇక్కడే ఉంటారు? మా పిల్లలు కబడ్డీ, వాలీబాల్ ఆడతారు, ఫుట్‌బాల్ అరుదు. ఆడాలని ఒకడు ముచ్చటపడితే, వాడు ఏ ఊరి జట్టులో చేరాలని కలగనాలో నేను చెప్పలేకున్నాను. యాజమాన్యం చేతులు మారిన హైదరాబాదు జట్టు 2024-25లో పదమూడింటిలో పన్నెండవదిగా ముగించి, 2025లో ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకున్నది.