బందరుకి వెళ్దాం, ప్యాకేజీలో మాత్రం వద్దు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు ఎక్కడికి పోతుందని అడిగితే మనలో చాలామంది "ఎల్‌బీ నగర్‌కి" అంటారు. కాస్త ఆలోచించినవాళ్ళు "విజయవాడకి" అంటారు. అది 65వ నంబరు జాతీయ రహదారి. పుణెలో మొదలై, షోలాపూర్, జహీరాబాద్ మీదుగా మన ఊళ్ళోకి వచ్చి, మెట్రో స్తంభాల పక్కనుంచి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ దాటి, విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరి అక్కడ ఆగిపోతుంది. ఆ పైన సముద్రమే. అంటే మనం రోజూ ఆటోల మధ్య తప్పించుకుంటూ దాటే ఈ రోడ్డుని చివరిదాకా పట్టుకుంటే బంగాళాఖాతం వస్తుంది. సుమారు 340 కిలోమీటర్లు.

సెమ్ ఎగ్జామ్స్ అయిపోగానే మన గ్రూపుల్లో వచ్చే పేర్లు మాత్రం గోవా, గోకర్ణ, పాండిచ్చేరి, అరకు. ఎవరైనా బందరు అంటే "అక్కడేముందిరా, లడ్డూ, బురద బీచీ" అని నవ్వేస్తారు. మంగినపూడి బీచ్‌లో నల్ల బంకమన్ను ఉన్నమాట నిజమే. లడ్డూ ఉన్నమాట ఇంకా నిజం. కానీ ఆ బురదకీ, ఆ ఊళ్ళో అచ్చేసే బట్టకీ, మన కంచంలోకొచ్చే రొయ్యకీ సంబంధం ఉంది. అది తెలియాలంటే వెళ్ళాలి. వెళ్ళే పద్ధతి గురించే ఈ గొడవంతా.

ఈమధ్య "ప్రైవేట్ వన్ డే ట్రిప్" అనే మాట బాగా వినిపిస్తోంది. ఒక కారు, ఒక డ్రైవరు, ఒకే రోజులో ఒక పాత కోట, ఒక అడవి, ఒక చేతిపని ఊరు. చరిత్ర, ప్రకృతి, జనజీవనం మూడూ కవర్ అయిపోతాయట. ఈ మూడింటినీ కలిపి చూడాలన్న ఆలోచన మంచిదే. దాన్ని మూడు స్టాపులుగా విడగొట్టడం దగ్గరే నాకు పేచీ. బందరు దగ్గర ఈ మూడూ వేరువేరు కావు. అక్కడి బతుకుతెరువుని పక్కన పెట్టేస్తే కోట రాళ్ళ కుప్ప, అడవి బురద. అందుకని ఆ ఊళ్ళో పనిచేసేవాళ్ళ పని వేళల్ని బట్టి మన రోజుని అమర్చుకోవాలి, ఖర్చు పెట్టే డబ్బులో కనీసం సగం ఆ ఊళ్ళోనే పడాలి అంటాను.

ముందు చరిత్ర సంగతి. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరే వాళ్ళ ప్రధాన రేవు. వజ్రాలు, బట్టలు ఈ బాటనే సముద్రానికి చేరేవి. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో మచిలీపట్నం నుంచి గోల్కొండకి ప్రయాణం చేసి దారి వివరాలు రాసిపెట్టాడు. ఆ బాట ఆనవాలు చూడ్డానికి బందరుదాకా కూడా పోనక్కర్లేదు. ఎల్‌బీ నగర్ దాటి కాస్త ముందుకెళ్తే హయత్‌నగర్. హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు. అక్కడ ఆవిడ పేరుతో మసీదు, దాని చుట్టూ బాటసారులు దిగడానికి కట్టిన సరాయి గదులు ఇప్పటికీ ఉన్నాయి. దానికంటే ముందే వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి, కృష్ణజింకలు తిరిగే జాతీయ పార్కు. బస్సు కిటికీలోంచి దాని కంచె ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. లోపలికి వెళ్ళినవాళ్ళు ఎంతమంది? బందరు ట్రిప్పు మన మెట్రో చివరి స్టేషన్ దగ్గరే మొదలవుతుందని చెప్పడానికే ఇదంతా.

ఇక బందరులో. 17వ శతాబ్దం మొదటి పదేళ్ళలోనే డచ్చివాళ్ళు వచ్చారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కోఠీ పెట్టింది. తరవాత ఫ్రెంచివాళ్ళు. 1759లో ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్ళు కోట లాక్కున్నారు. ఇప్పుడు బందరు కోట శిథిలాలు, డచ్చివాళ్ళ సమాధులు మిగిలాయి. ప్యాకేజీలో అయితే ఈ సమాధుల దగ్గర పదిహేను నిమిషాలు ఆపి, ఫోటోలు దిగి, "నెక్స్ట్" అంటారు. అసలు వాళ్ళంతా సముద్రాలు దాటి ఇక్కడిదాకా ఎందుకొచ్చారు అన్న ప్రశ్నకి జవాబు సమాధుల దగ్గర దొరకదు. అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పెడనలో, అద్దకం షెడ్డుల్లో దొరుకుతుంది. వాళ్ళొచ్చింది బట్ట కోసం.

పెడన కలంకారీ అంటే కుర్తీల మీద కనిపించే డిజైన్ అని మాత్రమే తెలిసినవాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. మనం ఫస్టియర్ కెమిస్ట్రీలో చదివి మర్చిపోయిన పాఠం అక్కడ రోజూ నడుస్తుంది. నేత బట్టని కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలో టానిన్ ఉంటుంది. ఇనుప ముక్కలు, బెల్లం వేసి రోజుల తరబడి నానబెట్టిన నీళ్ళని టేకు అచ్చుతో బట్ట మీద అద్దితే, ఇనుము టానిన్‌తో కలిసి నల్లరంగు వస్తుంది. ఎరుపు కథ ఇంకా బాగుంటుంది. అద్దేటప్పుడు అచ్చు మీద ఉండేది ఎర్రరంగు కాదు, పటిక. తరవాత పెద్ద కాగులో వేర్ల రంగుతో కలిపి ఉడకబెడతారు. పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట ఉతుకులో పోతుంది. ఆ ఉతకడానికి పారే నీళ్ళు కావాలి. కృష్ణా కాలువ నీళ్ళు. ఉతికినా రంగు పోని ఈ విద్యకే యూరప్ పడిపోయింది. ఎంతలా అంటే తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్ళీ 1721లో ఇలాంటి అద్దకం బట్టల మీద నిషేధాలు పెట్టుకున్నాయి.

ఇప్పుడు దెబ్బతింటున్నది పెడన. అదే డిజైన్‌ని స్క్రీన్ ప్రింటులో రసాయన రంగులతో గంటల్లో వేసేసి "కలంకారీ" అని తక్కువకి అమ్ముతున్నారు. మనం కొనేదీ ఎక్కువగా అదే. భౌగోళిక గుర్తింపు అనే చట్టపు రక్ష ఉన్నా, కొనేవాడికి తేడా తెలియకపోతే ఆ కాగితం ఏం చేస్తుంది? షెడ్డులో ఒక పూట నిలబడి చూసినవాడికి ఆ తేడా జన్మలో మర్చిపోలేనంతగా తెలుస్తుంది. చేత్తో వేసిన దాంట్లో అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడాయే దాని సంతకం. ఇది పదిహేను నిమిషాల్లో అయ్యే పని కాదు.

అడవి సంగతికొద్దాం. బందరు నుంచి అవనిగడ్డ, నాగాయలంక వైపు వెళ్తే కృష్ణా అభయారణ్యం. కృష్ణ సముద్రంలో కలిసే చోట సుమారు 195 చదరపు కిలోమీటర్ల మడ అడవులు. ఉప్పునీటి బురదలో నిలబడి, ఊపిరి పీల్చుకోవడానికి వేళ్ళని పైకి పొడుచుకొచ్చే చెట్లు. ఇక్కడి ప్రముఖ నివాసి బావురు పిల్లి. నీళ్ళలో ఈది చేపలు పట్టే పిల్లి, మన ఇంటి పిల్లికి రెండింతలు ఉంటుంది. "సైటింగ్ గ్యారంటీ" అని ఎవరైనా అంటే నమ్మకండి. అది ఎక్కువగా రాత్రుళ్ళు తిరిగే జంతువు. పగటిపూట ట్రిప్పులో మనకి కనిపించేవి మడచెట్ల వేళ్ళు, బురదలో గెంతే చేపలు, లకుముకి పిట్టలు, కొంగలు. అవి చాలు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లని ఏరి, అటవీశాఖ కేంద్రాల్లో కాపాడి, పిల్లల్ని సముద్రంలోకి వదిలే పనిలో స్థానిక జాలర్లే ఉంటారు.

ఈ అడవి జంతువుల కోసమే కాదు. 1864 నవంబరులో వచ్చిన తుఫానుకి బందరులోకి సముద్రం చొచ్చుకొచ్చి సుమారు 30 వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్ళు అధికారిక లెక్క ప్రకారమే పదివేలకి దగ్గర. మడ అడవి ఉన్నచోట అల జోరు తగ్గుతుంది, ఒడ్డు కోసుకుపోదు. రొయ్యలు, పీతలు, ఎన్నో రకాల చేపలు పిల్లలుగా పెరిగేది ఆ వేళ్ళ మధ్యనే. మడ కొట్టి రొయ్యల చెరువు తవ్వితే ఒకరికి లాభం, గిలకలదిండి రేవులో పడవ వేసుకునేవాడికి వల ఖాళీ. ఇక మంగినపూడి దగ్గర 2023 మేలో శంకుస్థాపన జరిగిన కొత్త పోర్టు పనులు నడుస్తున్నాయి. మన సివిల్ మిత్రులకి అది చూడదగ్గ ప్రాజెక్టే. చూసేటప్పుడు బ్రేక్‌వాటర్ పొడవుతో పాటు, చిన్న పడవలవాళ్ళ దారి సంగతి కూడా అడగండి.

ఇప్పుడు డబ్బు లెక్క. కారులో పోయిరావడం 680 కిలోమీటర్లు. ఊళ్ళో తిరుగుడు కలిపి 700 అనుకుందాం. లీటరుకి 15 కిలోమీటర్ల లెక్కన దాదాపు 47 లీటర్ల పెట్రోలు. దాని మీద కారు అద్దె, పంతంగి నుంచి మొదలయ్యే టోల్ గేట్లు, హైవే మీద రెండు పూటల తిండి. బందరులో పడేది? ఓ నాలుగు లడ్డూ ప్యాకెట్లు. పైగా రానూపోనూ పన్నెండు గంటలు సీట్లోనే పోతాయి. ఆ ఊరిని చూడ్డానికి పెట్టిన ఖర్చులో ఆ ఊరికి దక్కింది దాదాపు సున్నా. అదే రాత్రి బస్సుకి ఎల్‌బీ నగర్‌లో ఎక్కితే తెల్లారేసరికి బందరులో దిగుతాం. పగలంతా మనదే. రాత్రి మళ్ళీ బస్సు. ఒక్క రోజు సెలవు, రెండు నిద్రలు, మిగిలిన డబ్బు ఖర్చుపెట్టాల్సిన చోట.

నా ప్లాను ఇది. పొద్దున్నే గిలకలదిండి, పడవలు తిరిగొచ్చే వేళకి. ఊళ్ళోనే టిఫిను. తరవాత మధ్యాహ్నం దాకా పెడనలో ఒకే ఒక్క షెడ్డు. ముందే ఫోన్ చేసి, తలా ఇంత అని మాట్లాడుకుని, ఒక చిన్న గుడ్డ ముక్క మీద మనమే అచ్చు వేసేలా. సాయంత్రం కోట, సమాధులు. అప్పుడు ఆ సమాధులు వేరేలా కనిపిస్తాయి. టైముంటే చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసేచోటికి. మడ అడవిని అదే రోజులో ఇరికించొద్దు. దానికి ఇంకో రోజు, అటవీశాఖని అడిగి, స్థానికుల పడవలో. అడవిని స్టాపుగా మార్చకపోవడమే దానికి మనం ఇచ్చే గౌరవం. వెళ్ళడానికి మంచి టైము సంక్రాంతి రద్దీ తగ్గాక. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం.

దీనికి మా హాస్టల్లోనే ఒక అభ్యంతరం వచ్చింది. "పనిచేసుకునేవాళ్ళని డబ్బులిచ్చి చూడ్డమంటే జూకి పోయినట్టు కాదా?" అని. ప్రశ్న సరైనదే. డబ్బులివ్వకుండా చూడ్డం ఇంకా ఘోరం అన్నది నా జవాబు. అద్దకం చేసే మనిషి మనకోసం పని ఆపితే ఆయనకి ఆ పూట కూలి పోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కి వేలకి వేలు కట్టి పాఠం వింటున్నాం కదా, అక్కడా పాఠమే వింటున్నాం. ఫీజు కట్టాలి. అడక్కుండా మొహం మీద కెమెరా పెట్టకూడదు. "అన్నా" కంటే "బాబాయ్" అని పిలిస్తే కబుర్లు ఇంకా బాగా వస్తాయి, అది వేరే విషయం.

మన క్లబ్బు ఏటా వేసే టూర్ గురించి వచ్చే నెల మీటింగులో మాట్లాడుకుంటాం. ఈసారి బందరు పేరు నేను పెడుతున్నాను. కృష్ణాపత్రిక 1902లో పుట్టిన ఊరు అది, తెలుగు క్లబ్బుకి ఇంకో సాకు కూడా అక్కర్లేదు. ఓటేసేవాళ్ళు ఒక షరతు మీద వేయండి. బడ్జెట్ కాగితంలో బస్సు టికెట్ల కాలమ్ పక్కన "బందరులో ఖర్చు" అని ఇంకో కాలమ్ ఉండాలి. రెండోది మొదటిదానికంటే తక్కువ కాకూడదు.