ఒక యింట రెండు బ్రౌజరులు

గడచిన మాసమున మా యింట నొక పొరపాటు జరిగినది. కంప్యూటరు గల యే యింటనైనను ఇట్టిది తటస్థింపవచ్చును గనుక దాచక చెప్పుచున్నాము.

మా ముస్తాబాదున ప్రక్కయింటి వదినెగారు బీడీలు చుట్టి పిల్లలను చదివించుచున్నారు. ఆమె పెద్దకూతురు ఇంటరు ముగించి, కళాశాల ప్రవేశమునకు దరఖాస్తు పెట్టుకొనుటకై మా యింటికి వచ్చినది. మా కంప్యూటరున నున్నది ఫైర్‌ఫాక్సు 52వ కూర్పు, 2017లో వెలువడినది. దరఖాస్తు పుట అందులో సగమే తెఱచుకొని, ఎన్ని మారులు నొక్కినను కదలదాయెను. గడువు ఆ సాయంకాలమే. "ఇగ నా సదువు గింతేనా అత్తమ్మా?" అని పిల్ల కంట నీరు పెట్టుకొన్నది. ఎనిమిదవ తరగతి చదువు మా కుమారుడు వెంటనే పాతదాని మీదనే క్రొత్త కూర్పును దింపెను. దరఖాస్తు చేరినది. అందఱము సంతోషించితిమి.

మఱునాడు ఉదయమున మేము మా తండ్రిగారి వ్యాసములను తెఱచితిమి. ఆయన మాకు ఇంటనే భారతభాగవతములు చెప్పినవారు. 2009 మొదలు కొన్నేండ్లు ఒక దినపత్రికకు పద్యవ్యాఖ్యలు వ్రాసిరి. ఆయన గతించిరి, కాగితపు ప్రతులు చెదలపాలైనవి, ఇంటర్నెట్టునుండి మేము దింపి దాచిన ముప్పదియొక్క పుటలే మిగిలినవి. ఆనాడు తెరమీద తెలుగక్షర మొక్కటియు లేదు. అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు!

ఇందుకు కారణము కలదు. యూనికోడున తెలుగు 1991లోనే చేరినను, మన పత్రికలు పెక్కు చాలకాలము తమ తమ సొంత అక్షరరూపములనే వాడినవి. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చిరన్నమాట. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ఆ రూపములను తానే తెచ్చుకొని చూపెడిది; ఫైర్‌ఫాక్సునకు ఆ విద్య రాదు. ఆ కొఱత తీర్చుటకు ‘పద్మ’ యను అనుబంధము వచ్చి, అట్టి పుటలను యూనికోడు తెలుగుగా మార్చి చూపెను. తెలుగు చదువరులకు అది చేసిన మేలు ఇంతంత కాదు. కాని 2017 నవంబరులో వచ్చిన 57వ కూర్పుతో ఫైర్‌ఫాక్సు పాత పద్ధతి అనుబంధములనన్నిటిని త్రోసివేసినది. కావుననే మేము 52ను విడువక యుంటిమి.

ఇచ్చట మా తొందరపాటు చెప్పవలెను. మొజిల్లావారి భాండారమున పాత కూర్పులు దొరకును గదా యని 52ను తెచ్చి, మరల క్రొత్తదానిమీదనే స్థాపించితిమి. రెండవ దెబ్బ అప్పుడు తగిలినది. బ్రౌజరు ఒకచోట నుండును. మన గుఱుతులు, సంకేతపదములు, అనుబంధములు దాచు పెట్టె వేఱొకచోట నుండును. దానిని ప్రొఫైలందురు. క్రొత్త కూర్పు ఆ పెట్టెను తన పద్ధతికి సర్దుకొన్నది. పాతదానికి ఆ సర్దుబాటు తెలియదు. తేదీలవారీగా దాగియున్న నకలునుండి గుఱుతులు దక్కినవి గాని, మా వారి సంకేతపదములు తిరిగి రాలేదు. మాస్టరుగారు రెండుదినములు మాతో మాటాడలేదు. అది వారి హక్కే!

బ్రౌను దొర ఒక్కొక్క కావ్యమునకు పెక్కు వ్రాతప్రతులు తెప్పించి, పండితులచేత సరిపోల్చించి శుద్ధప్రతి వ్రాయించెను. ఒక ప్రతిని చెఱిపి దానిమీద మఱియొకటి వ్రాయింపలేదు. ఇంత చదివియు మాకు ఆ బుద్ధి పుట్టకపోయెను.

ఇప్పుడు మా యింట రెండు కూర్పులును ప్రక్కప్రక్కనే యున్నవి. స్థాపించునప్పుడు ‘కస్టం’ అను మార్గము పట్టి 52ను వేఱు ఫోల్డరున నుంచితిమి. దానికి వేఱు ప్రొఫైలు కల్పించి, దాని షార్ట్‌కట్టున ఆ ప్రొఫైలు పేరును, ‘నో రిమోట్’ అను మాటను చేర్చితిమి. ఆ మాట లేనిచో ఒకటి తెఱచియుండగా రెండవది వేఱుగా తెఱచుకొనదు. తనంతట తాను క్రొత్తదిగా మాఱకుండ అమరికలలో ఆపితిమి. 2019 మేలో వచ్చిన 67వ కూర్పునుండి ఒక్కొక్క స్థాపనకు వేఱు ప్రొఫైలు దానంతట అదియే ఏర్పడును. పాతది క్రొత్తదాని పెట్టెను ముట్టబోయిన హెచ్చరించును కూడ. 52కు ఈ తెలివి లేదు. క్రోములో బీటా, కానరీ మొదలగునవి అసలు దాని ప్రక్కన ఉండగలవు గాని అవి ముందు రానున్న కూర్పులు, పాతవి కావు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు మైక్రోసాఫ్టువారు 2022 జూన్ 15న సెలవిచ్చిరి. దానికొఱకే కట్టిన పుటలకు ఎడ్జిలో ‘ఐ ఇ మోడ్’ అను వాకిలి నుంచిరి.

ఒక్కమాట గట్టిగా చెప్పుచున్నాము. 52కు రక్షణ మరమ్మతులు 2018లోనే నిలిచినవి. బ్యాంకు పని, గ్యాసు పని, పిల్లల దరఖాస్తులు దానిలో ఎన్నటికిని చేయము. దానిని తెఱచునప్పుడు ఇంటర్నెట్టు తీసివేయుదుము. దాచిన పుటలు చదువుటకు అది అక్కఱలేదు.

పద్మ మార్చి చూపిన తెలుగును నకలు తీసి యూనికోడు ఫైళ్లలో దాచుచున్నాము. కొన్ని ఒత్తులు తప్పుచున్నవి. ఒక సీసపద్యమున రెండవ పాదము పూర్తిగా చెదరినది, నోటికి వచ్చును గనుక దిద్దగలిగితిమి. ప్రక్కయింటి పిల్లకు ప్రవేశము దొరకినది. సెలవుదినములలో వచ్చి, మేము చదువుచుండగా దిద్దుబాట్లు తానే టైపు చేయుచున్నది. పందొమ్మిది ముగిసినవి.