పిల్లికి మాంసం పెట్టండి, పచ్చిది మాత్రం వద్దు

గింజ ఉన్న ఇంట్లో ఎలుక ఉంటుంది. ఎలుక తిరిగే ఇంట్లో పిల్లి ఉంటే మంచిది. రెండెకరాల ఆసామికైనా, కౌలు రైతుకైనా ఇంట్లో దాచుకున్న నాలుగు బస్తాల వడ్లు, విత్తనానికి కట్టి పెట్టిన పల్లీ మూట ఏడాదికి ఆధారం. వాటిని రాత్రంతా కాసేది జీతం అడగని కాపలాదారు పిల్లి. మరి దానికి మనం పెడుతున్నదేమిటి? రోజూ మజ్జిగ మెతుకులు. ఆదివారం కోడిని కోసినా, పండగకు యాటను కోసినా అవతలికి విసిరేసిన పచ్చి పేగులు, ఊపిరితిత్తుల ముక్కలు. ఈ రెండు పద్ధతులూ మార్చుకోవాలి. పిల్లికి మాంసం కావాలి. అది ఉడికిన మాంసం కావాలి. ఇందులో పిల్లి బాగు ఒక్కటే లేదు. మీ మంద, మీ ఇంట్లో ఆడవాళ్లు, పిల్లల ఆరోగ్యం కూడా ఉంది.

మెతుకులతో ఎందుకు సరిపోదు?

కుక్క మనం తినేదాంతో చాలా వరకు సర్దుకుంటుంది. పిల్లి అలా కాదు, పుట్టుకతోనే మాంసాహారి. మాంసంలో టారిన్ అనే పోషక పదార్థం ఉంటుంది. మన ఒంట్లో అది తయారవుతుంది. పిల్లి ఒంట్లో చాలినంత తయారు కాదు, తిండిలోనే దొరకాలి. దొరక్కపోతే కంటి లోపలి పొర దెబ్బతిని మెల్లగా చూపు పోతుంది. గుండె కండరం పలచబడి, గుండె సాగిపోయి పిల్లి చనిపోతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ కేంద్రంలో పశువైద్యులు ఈ గుండె జబ్బుకు టారిన్ లోపమే కారణమని 1987లో తేల్చారు. టారిన్ ఇస్తే చాలా పిల్లులు కోలుకున్నాయి కూడా.

ఎ విటమిన్ సంగతీ అంతే. ఆకుకూరలు, క్యారెట్ తింటే మన ఒంట్లో ఎ విటమిన్ తయారవుతుంది. పిల్లికి ఆ శక్తి లేదు. ఎలుకను తిన్నప్పుడు దాని కార్జం నుంచి, లేదా మనం పెట్టే కార్జం నుంచి దానికి ఆ విటమిన్ అందాలి. పాలు పోస్తున్నాం కదా అంటారేమో. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఎలుకలు బాగా దొరికే పిల్లికి ఈ లోటు పెద్దగా ఉండదు. ఎలుకలో కండ, గుండె, కార్జం, ఎముక అన్నీ ఉన్నాయి. ఎలుకలు దొరకని రోజుల్లో, ఈనిన పిల్లికి, ఇంకా వేట రాని పిల్లకూనలకు మనం చూసుకోవాలి. కడుపు మాడిస్తే ఎలుకలు బాగా పడుతుందనే మాట కూడా వదిలేయండి. నీరసించిన పిల్లికి వేటాడే ఓపిక ఉండదు. అది పొరుగింటి దాలి మీద పాలకుండ వెతుక్కుంటుంది.

పచ్చిదే బలమా?

ఈమధ్య పట్నాల్లోనూ, పై దేశాల్లోనూ పిల్లులకు పచ్చి మాంసం పెట్టడం ఒక పద్ధతిగా మారింది. కండ, గుండె, కార్జం, మూత్రపిండాలు కొలతల ప్రకారం కోసి, కలిపి పచ్చిగానే పెడతారు. అడవిలో పిల్లికి వండి పెట్టేదెవరు, ఎలుకను పచ్చిగానే తింటోంది కదా అన్నది వాళ్ల వాదన. మన ఊళ్లలోనూ ఇదే మాట వినబడుతుంది. ఆ వాదనలో కొంత నిజం ఉంది. ఏ భాగం ఎంత పెట్టాలన్న వాళ్ల లెక్క మనం నేర్చుకోదగినదే. పచ్చిగా పెట్టడం మాత్రం మనకు పనికిరాదు.

పిల్లి పట్టిన ఎలుక అప్పటికప్పుడు చచ్చినది. అంగట్లో మాంసం అలా కాదు. పొద్దున కోసి, ఎండలో వేలాడదీసి, ఈగలు ముసిరి, మధ్యాహ్నానికి మన ఇంటికి వస్తుంది. అందులో సాల్మొనెల్లా వంటి సూక్ష్మక్రిములు పెరిగి ఉంటాయి. పిల్లి తిన్న గిన్నె, దాని మూతి, మనం ముక్కలు కోసిన కత్తిపీట అన్నిటికీ అవి అంటుకుంటాయి. పసిపిల్లలు ఆ పిల్లినే ఎత్తుకుని ముద్దాడతారు.

రెండో సంగతి కోళ్లకు వచ్చే బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో ఈ జబ్బు బయటపడింది. అదే ఏడాది మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లోనూ ఈ వైరస్ కనబడింది. అంతకుముందు 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో ఇంట్లోనే ఉండే ఒక పిల్లి పచ్చి టర్కీ కోడి మాంసంతో చేసిన మేత తిని ఈ జబ్బుతో చనిపోయింది. పిల్లిలో ఉన్న వైరస్, ఆ మేతలో ఉన్న వైరస్ ఒకటేనని పరీక్షల్లో తేలింది. పిల్లులు ఈ జబ్బుకు తట్టుకోలేవు. బాగా ఉడికిన మాంసంలో ఈ వైరస్ బతకదు. పెరట్లో కోళ్లు వరుసగా చనిపోతే వాటిని పిల్లికీ, కుక్కకూ వేయకండి. పశువైద్యశాలకు కబురు చేయండి. వాళ్లు చెప్పినట్టు సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి.

మందకు వచ్చే నష్టం

మూడోది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. పచ్చి మాంసం నుంచో, ఎలుకల నుంచో ఇది పిల్లికి చేరుతుంది. మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు పిల్లి పెంటలో దీని గుడ్లు లక్షల్లో పడతాయి. తడి నేలలో అవి ఏడాదికి పైగా కూడా బతుకుతాయి. పిల్లి పోయి గడ్డివాములోనో, దాణా గాబు పక్కనో దొడ్డికి కూర్చుంటే ఆ మేత తిన్న చూడి గొర్రెలు, మేకలు ఈసుకుపోవచ్చు. నాలుగు జీవాలున్న ఇంట్లో రెండు ఈసుకుపోతే ఆ ఏడాది రాబడి పోయినట్టే. నెల తప్పిన ఆడవాళ్లకు సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం. పిల్లి పెంట ఎత్తే పని గర్భిణులకు చెప్పకండి. ఏ రోజుది ఆ రోజే తీసి పాతిపెట్టాలి. ఆ గుడ్లకు రోగం అంటించే శక్తి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి, రోజూ తీస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. ఎలుకల వల్ల వచ్చేదాన్ని మనం పూర్తిగా ఆపలేం. మన చేత్తో పెట్టే పచ్చి మాంసం వల్ల వచ్చేదాన్ని ఆపగలం. ఈ మాట విని పిల్లిని సంచిలో కట్టి పొరుగూళ్లో వదిలి రావడం తెలివి కాదు. ఆ పిల్లి పోయిన చోటికి ఇంకో పిల్లి వస్తుంది. లేదా ఎలుకలు వస్తాయి.

యాటను కోసిన చోట పిల్లి ఒక్కటే ఉండదు. దానికంటే ముందు కుక్క ఉంటుంది. పిల్లికని విసిరిన ముక్క కుక్క నోట్లోనే పడుతుంది. గొర్రె కార్జం మీద, ఊపిరితిత్తుల మీద అప్పుడప్పుడు నీటి బుడగలు కనబడతాయి, గమనించే ఉంటారు. అవి ఒక రకం బద్దెపురుగు పిల్లలున్న తిత్తులు. కుక్క వాటిని పచ్చిగా తింటే ఆరేడు వారాల్లో దాని పేగుల్లో పురుగులు పెద్దవై గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు కుక్క పెంటతో పచ్చికలో పడి మళ్లీ గొర్రెలకు, పశువులకు చేరతాయి. మనుషులకూ చేరి కార్జంలో, ఊపిరితిత్తుల్లో గడ్డలు కడతాయి. ఆపరేషన్ దాకా పోవాల్సి వస్తుంది. గొర్రె ఒకే పక్కకు గిరగిర తిరిగి పడిపోయే రోగం కూడా ఇలాంటిదే. దాని తిత్తి గొర్రె మెదడులో ఉంటుంది. ఆ తలకాయను కుక్కకు వేసిన ఇంట్లో రోగం తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. కాబట్టి బుడగలున్న భాగాన్ని పిల్లికీ, కుక్కకూ ఎవరికీ పెట్టకండి. కాల్చండి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతండి.

ఏది ఎంత, ఎలా వండాలి?

మన ఊరి పిల్లి మూడు నాలుగు కిలోల బరువుంటుంది. పూర్తిగా మన తిండి మీదే ఆధారపడితే రోజుకు 100 గ్రాములకు కాస్త అటూ ఇటూగా మాంసం కావాలి. వేటాడే పిల్లికి వారానికి రెండు మూడుసార్లు అందులో సగం పెట్టినా మేలే. దీనికోసం ప్రత్యేకంగా కొనక్కర్లేదు. కోడి గుండెకాయలు, కందనకాయలు, మెడ దగ్గరి కండ, యాట గుండె కొసలు చాలు.

అన్నిటిలోకి గుండెకాయ మేలు, అందులో టారిన్ ఎక్కువ. కార్జం మంచిదే కానీ మందు లాంటిది, మోతాదు దాటకూడదు. వారానికి ఒకటి రెండుసార్లు, ఉసిరికాయంత ముక్క చాలు. రోజూ కార్జమే పెడితే ఎ విటమిన్ ఎక్కువై మెడ ఎముకలు, వెన్నుపూసలు అతుక్కుపోయి పిల్లి మెడ తిప్పలేదు. ఎముక లేని కండ ఒక్కటే పెడితే సున్నపు ధాతువు చాలదు, పిల్లకూనల కాళ్లు వంకర పోతాయి. అందుకు చవకైన ఉపాయం కోడిగుడ్డు పెంకు. ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా నూరి అరకిలో మాంసానికి అర చెంచా పొడి కలపండి. ఉడికిన ఎముకలు మాత్రం పెట్టకండి. అవి సూదుల్లా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

వండే పద్ధతి ఇది. కూరకు ఉప్పూ కారం కలపకముందే పిల్లి వాటా తీసి పక్కన పెట్టండి. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లికి విషంతో సమానం, రక్తం విరిగిపోతుంది. కాబట్టి మిగిలిన కూర కలిపిన అన్నం పెట్టవద్దు. ముక్కలను చిన్నగా కోసి, మునిగేటన్ని నీళ్లు పోసి, లోపల ఎరుపు లేకుండా ఉడికించండి. గుండె, కండ ముక్కలు తెర్లడం మొదలయ్యాక పావుగంట ఉంచితే చాలు. యాట కార్జం, ఊపిరితిత్తులు అయితే పైకి బాగున్నా అరగంట ఉడకాలి. ఉడికిన నీళ్లు పారబోయకండి. పచ్చి మాంసం పెట్టేవాళ్లు, వండితే టారిన్ పోతుందంటారు. అందులో చాలా భాగం పోయేది ఆ నీళ్లలోకే. ముక్కలతో పాటు ఆ నీళ్లూ పోసి, పిడికెడు అన్నం కలిపితే పోయింది మళ్లీ దాని కడుపులోకే చేరుతుంది. చల్లారాక పెట్టండి. గంటా రెండు గంటల్లో తినకపోతే తీసేయండి.

చేపలూ అంతే. కార్పు జాతి చేపలు కొన్నింటిలో బి1 విటమిన్‌ను విరిచేసే పదార్థం ఉంటుంది. పచ్చి చేపలే రోజూ తిన్న పిల్లి తల వేలాడేసి తూలుతుంది. ఉడికిస్తే ఆ పదార్థం పోతుంది. మాంసం వండని ఇళ్లవాళ్లు ఉడికిన కోడిగుడ్డు పెట్టవచ్చు. అయితే గుడ్డులో టారిన్ పెద్దగా లేదు కాబట్టి ఆ ఇంటి పిల్లికి వేట తప్పనిసరి.

పచ్చి మాంసం కోసిన కత్తిపీట, పలక వేడి నీళ్లతో, సబ్బుతో కడిగాకే కూరగాయలు కోయాలి. చేతులూ అంతే. పిల్లికి, కుక్కకు నట్టల మందు ఎప్పుడెప్పుడు వేయాలో పశువైద్యుడిని అడిగి తెలుసుకోండి. జీవాలకు మందు తాగించే రోజున వీటినీ మరిచిపోకండి.

ఊరందరి పని

ఇది ఒక్క ఇంట్లో చేస్తే తీరే పని కాదు. మీరు ఉడికించి పెట్టినా, వీధి చివర యాటలు కోసే చోట పచ్చి తిత్తులు, పేగులు బయట పారేస్తుంటే మీ పిల్లి అక్కడికే పోతుంది, మీ కుక్కా పోతుంది. మాంసం కోసేవాళ్లతో తగువు పడితే ప్రయోజనం లేదు. వ్యర్థాలు వేయడానికి మూత ఉన్న లోతైన గుంత ఒకటి ఊరికి దూరంగా తవ్వించమని గ్రామసభలో అడగండి. దసరాకు, జాతరలకు ఊరంతా యాటలు కోస్తారు కాబట్టి అంతకుముందే అడగాలి. పెద్ద ఖర్చేం కాదు, ఒక రోజు పని. జీవాలున్న ప్రతి రైతుకూ అడిగే హక్కుంది.

మన తాతలు పిల్లిని పెంచారు, పాలేరుతో సమానంగా చూశారు. పాలేరుకు పాచి కూడు పెట్టిన ఇంట్లో పని నిలవదని వాళ్లకు తెలుసు. వచ్చే ఆదివారం కూర పొయ్యి మీదికి ఎక్కకముందు నాలుగు గుండె ముక్కలు తీసి పక్క పొయ్యి మీద పెట్టండి. పావుగంట మంట, గ్లాసెడు నీళ్లు. ఇంట్లో గింజకూ, దొడ్లో జీవాలకూ, ఒడిలో పిల్లలకూ అది చేసే మేలు చాలా పెద్దది.