తరగతి గది నుంచి ప్రపంచ న్యాయస్థానానికి

అర్జీ రాస్తే ఏమొస్తుందని పిల్లలు అడిగితే మనం వనువాటు సంగతి చెప్పాలి. పసిఫిక్‌లోని ఆ చిన్న ద్వీప దేశంలో న్యాయశాస్త్రం చదువుతున్న 27 మంది విద్యార్థులు 2019లో ఓ ఉద్యమం మొదలుపెట్టారు. వాతావరణ మార్పుపై అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం కోరాలని పసిఫిక్ నేతలకు లేఖలు రాశారు. వనువాటు ప్రభుత్వం ముందుకొచ్చింది. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆ వినతిని ఏకాభిప్రాయంతో ఆమోదించింది. వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యతేనని 2025 జులై 23న న్యాయస్థానం తేల్చింది. బొగ్గు, చమురు వంటి ఇంధనాలకు రాయితీలివ్వడం కూడా తప్పిదం కావచ్చంది. ఇది కట్టుబడి తీరాల్సిన తీర్పు కాదు. అయినా కోర్టుల్లో వాదనకు ఆధారమైంది.

మన బడుల్లో పర్యావరణ వ్యాసం మార్కులతోనే ఆగిపోతోంది. బడి పైకప్పుకు సౌర ఫలకాలు ఎందుకు కావాలో పిల్లలు తెలుగులో చర్చించి, రాష్ట్ర భాషలో ఎమ్మెల్యేకు అర్జీ రాయవచ్చు. వారికి రెండు భాషలూ వచ్చు. అడగడం నేర్పాల్సింది మనమే.